ఒక ఇంటికి ఎనిమిది ఇళ్ళు

2005 వేసవిలో బే ఏరియాలో మనవాళ్ళ ఇంట ఏ విందుకి వెళ్ళినా మాటలు పిల్లల చదువులతో మొదలై, గ్రీన్ కార్డుల మీదుగా సాగి, పెరుగన్నం వేళకి ఇళ్ళ ధరల దగ్గరికి చేరేవి. ఫలానా వీధిలో ఇల్లు అడిగిన ధర మీద ఇంకో నలభై వేలు ఎక్కువకి పోయిందట. ఫలానావారు ఫీనిక్స్‌లో చూడకుండానే రెండిళ్ళు కొన్నారట. లాస్ వేగస్‌లో కొత్త ఇళ్ళకి చీట్లు తీసి, పేరు వచ్చినవాళ్ళకే అమ్ముతున్నారట. వినీ వినీ నాకూ నిద్ర పట్టడం మానేసింది.

అప్పటికి మాకు ఫ్రీమాంట్‌లో ఓ అద్దె ఇల్లుంది. 1994లో 2 లక్షల 10 వేల డాలర్లకు కొన్నాం. మా అమ్మాయిని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చింది ఆ ఇంటికే. మావాడు మొదటి అడుగులు వేసింది కూడా దాని వరండాలోనే. 1999లో కాస్త పెద్ద ఇంటికి మారినప్పుడు దాన్ని అమ్మబుద్ధి కాక అద్దెకిచ్చాం. ఆరేళ్ళు గడిచేసరికి దాని ధర 6 లక్షల 80 వేలకి చేరింది. అద్దె మాత్రం నెలకి 1,950 దగ్గరే ఉంది.

ఓ రాత్రి మావాడి లెక్కల పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేశాను. ఏడాదికి వచ్చే అద్దె 23,400. ఇంటి ధరలో అది మూడున్నర శాతం కూడా కాదు. అందులోంచి పన్ను, బీమా, మరమ్మతులు పోవాలి. పన్ను విషయంలో మేం అదృష్టవంతులమే. కాలిఫోర్నియాలో 1978లో వచ్చిన ప్రాపొజిషన్ 13 ప్రకారం ఆస్తిపన్ను కొన్ననాటి ధర మీదే లెక్కకడతారు, ఆ విలువని ఏడాదికి 2 శాతం మించి పెంచకూడదు. మేం మూడు వేలలోపు కట్టేవాళ్ళం. అదే ఇల్లు ఆ రోజు కొనే మనిషి ఏడు వేలు పైన కట్టాలి. ఆ పన్ను కట్టి, అప్పు తీర్చి, 1,950 అద్దె తీసుకుంటూ ఏ కొత్త యజమానీ బతకలేడు. ధర ఇంకా పెరుగుతుందన్న నమ్మకం ఒక్కటే ఆ బేరాన్ని నిలబెడుతోంది. ఇది వేడి ఎక్కిన బజారు, దిగిపోవాల్సిన సమయం ఇదే అని నాకు తోచింది.

"అమ్మితే సగం పన్నుకే పోతుంది కదండీ" అంది మా ఆవిడ. సగం కాదుగానీ చాలానే పోతుంది. దానికో దారి ఉంది. పన్ను చట్టంలో 1031వ సెక్షను ప్రకారం అద్దె ఇల్లు అమ్మిన డబ్బుతో మరో అద్దె ఆస్తి కొంటే లాభం మీద పన్ను వాయిదా పడుతుంది. వాయిదా మాత్రమే, మాఫీ కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది. షరతులు గట్టివి. అమ్మిన డబ్బు మన చేతికి రాకూడదు, మధ్యవర్తి దగ్గరే ఉండాలి. అమ్మిన 45 రోజుల్లో ఏం కొంటామో రాసివ్వాలి, 180 రోజుల్లో కొనేయాలి. శని ఆదివారాలు, పండగలు, జ్వరాలు అన్నీ ఆ 45లోనే. పన్ను మొత్తం వాయిదా పడాలంటే అమ్మినదానికి తగ్గ ఖరీదు పెట్టాలి. మా లెక్కలో, ఖర్చులు పోగా, అది 6 లక్షల 40 వేలు.

ఎక్కడ కొనాలన్నది ఫోనులో తేలింది. మా పెదనాన్నగారి అబ్బాయి మెంఫిస్ పక్కన కాలియర్‌విల్‌లో ఫెడెక్స్ వారి కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తున్నాడు. "అన్నయ్యా, మీ కారు షెడ్డుకి పెట్టే డబ్బుకి ఇక్కడ ఇల్లొస్తుంది. ఎనభై వేలకి మూడు బెడ్‌రూములు, ఇటుక గోడలు. అద్దె ఎనిమిది వందల పైనే" అన్నాడు. మళ్ళీ లెక్కల పుస్తకం తీశాను. పన్నెండు శాతం! ఎనిమిది ఎనభైలు 6 లక్షల 40 వేలు. ఒక ఇల్లిస్తే ఎనిమిది ఇళ్ళు. మా నాన్న గుంటూరులో పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తాగా పనిచేస్తూ బ్రాడీపేటలో రెండు గదుల వాటాలో జీవితమంతా అద్దెకున్నారు. ఎనిమిది ఇళ్ళ ఆసామినని ఆయనకి చెప్పాలనిపించింది. అప్పటికి ఆయన లేరు.

తమ్ముణ్ణి ఒక ప్రశ్న అడగాల్సింది, అడగలేదు: "నువ్వెందుకు ఆ ఇటుక ఇళ్ళలో ఉండటం లేదురా?"

ఫ్రీమాంట్ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు మనవాళ్ళే. నెల్లూరు జిల్లా కుర్రాడు, అతని భార్య, రెండేళ్ళ పాప. హెచ్1 వీసా. "అన్నయ్యగారూ, మీరు అమ్మేటట్టయితే ముందు మాకు చెప్పండి" అని ఎప్పుడో అన్నాడు. చెప్పాను. ధర విని నవ్వి ఊరుకున్నాడు. రెండు నెలలు గడువిచ్చాను, ఆఖరి నెల అద్దె తీసుకోలేదు, సామాను ఎక్కించడానికి సాయం కూడా వెళ్ళాను. ఇంత మంచి ఇంటివాడు ఎవరికి దొరుకుతాడని నాకు నేనే అనుకున్నాను. వాళ్ళు ఆల్టమాంట్ కనుమ అవతల మౌంటెన్ హౌస్ అనే కొత్త ఊళ్ళో, మొదట్లో తక్కువ వడ్డీ ఉండి తర్వాత పెరిగే అప్పు మీద ఇల్లు కొనుక్కుని వెళ్ళారు. "అద్దెకుంటే ఎప్పుడైనా ఖాళీ చేయమంటారు కదన్నయ్యగారూ" అన్నాడు. అందులో దెప్పు ఏమీ లేదు. ఉన్న మాటే అన్నాడు.

జూలై 8న ఫ్రీమాంట్ ఇల్లు అమ్ముడైంది. ఆగస్టు 22 లోపల ఎనిమిది ఇళ్ళ చిరునామాలు రాసివ్వాలి. పిల్లలకి సెలవులే కనక నలుగురం బయల్దేరాం.

మెంఫిస్‌లో విమానం తలుపు తీయగానే మొహానికి తడి తువ్వాలు కప్పినట్టయింది. "నాన్నా, గుంటూరు వాసన!" అంది మా అమ్మాయి. నిజమే, ఆ ఉక్క మనదే. ఊరు మిసిసిపీ నది ఒడ్డున ఎత్తైన గట్టు మీద ఉంది. అందుకే వరదలకి తట్టుకుని నిలిచింది. 1819లో పునాది వేసినప్పుడు నైలు నది ఒడ్డున ఉన్న ఈజిప్టు నగరం పేరే పెట్టుకున్నారు. ఆ పేరు నిలబెట్టడానికి కాబోలు, నది ఒడ్డున స్టెయిన్‌లెస్ స్టీలు తొడిగిన పిరమిడ్ ఒకటి కట్టారు. మేం వెళ్ళేనాటికి అది ఖాళీ అయిన బాస్కెట్‌బాల్ స్టేడియం. 2015 నుంచి అందులో చేపల గాలాలు, పడవలు అమ్మే పెద్ద దుకాణం నడుస్తోంది.

పిల్లలకి నచ్చినవి వేరు. పీబాడీ హోటల్లో రోజూ పొద్దున పదకొండింటికి బాతులు లిఫ్టు దిగి, ఎర్ర తివాచీ మీద వరసగా నడిచి ఫౌంటెన్‌లోకి దూకుతాయి. సాయంత్రం అయిదింటికి మళ్ళీ అదే మర్యాదతో పైకి వెళ్ళిపోతాయి. 1930ల నుంచి సాగుతున్న ఆచారం ఇది. మడ్ ఐలండ్‌లో మిసిసిపీ నదిని సిమెంటుతో చిన్నగా పోసిపెట్టారు. ఒక మైలుకి ముప్ఫై అంగుళాలు, అంటే పెద్దవాళ్ళకి ఒక అడుగు. మావాడు చెప్పులు చేత్తో పట్టుకుని, చీలమండ దాకా నీళ్ళలో పరుగెత్తి ఆ పూట మెంఫిస్ నుంచి న్యూ ఆర్లియన్స్ దాకా వెళ్ళొచ్చాడు.

నేను మాత్రం ఫ్రంట్ స్ట్రీట్‌లో ఆగిపోయాను. పాత పత్తి వర్తకుల కార్యాలయాలు వరసగా ఉన్నాయక్కడ. ఒకప్పుడు ప్రపంచంలోనే పేరున్న పత్తి బజారు ఇది. 2006లో ఆ పత్తి ఎక్స్ఛేంజి హాల్లోనే పత్తి మ్యూజియం తెరిచారు, తర్వాతి ప్రయాణంలో చూశాను. మా నాన్న చిటికెడు దూదిని రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య పట్టి మెల్లగా లాగి పోగు పొడవు చెప్పేవారు. సరిగ్గా అలాగే లాగుతున్న మనుషుల ఫొటోలు ఆ గోడల మీద ఉన్నాయి. ఈ పత్తి తీసిన చేతులు ఎవరివో కూడా ఆ గోడలే చెబుతాయి. కాస్త దక్షిణంగా వెళితే లొరేన్ మోటెల్. 1968 ఫిబ్రవరిలో ఈ ఊరి పారిశుధ్య కార్మికులు సమ్మె కట్టారు. చెత్త లారీ యంత్రంలో నలిగి ఇద్దరు చనిపోయిన తర్వాత మొదలైన సమ్మె అది. వాళ్ళకి అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ని ఏప్రిల్ 4న ఆ మోటెల్ 306వ నంబరు గది ముందు బాల్కనీలో కాల్చి చంపారు. మోటెల్ 1991 నుంచి పౌరహక్కుల మ్యూజియం. మా అమ్మాయి ఆ గది అద్దం ముందు చాలాసేపు నిలబడింది. బయటికొచ్చాక "మనం కొనే ఇళ్ళు ఎవరివి నాన్నా?" అని అడిగింది. "ఇంకా చూడలేదుగా" అన్నాను.

చూడటం మర్నాడు మొదలైంది. రియల్టర్ తన వ్యానులో తిప్పింది. నా చేతిలో కాగితాలు: అద్దె, ధర, శాతం. కాగితం మీద అన్ని ఇళ్ళూ ఒక్కలాగే ఉన్నాయి. ఉత్తరాన ఫ్రేజర్‌లో అయితే శాతం అన్నిటికన్నా ఎక్కువ. వీధులు వెడల్పు, చెట్లు పెద్దవి, ఇళ్ళు 1950ల నాటి గట్టి ఇటుక ఇళ్ళు. నేను పైకప్పులు, పునాదులు చూస్తుంటే మా ఆవిడ ఇంకేవో చూస్తోంది. "ఏవండీ, గంట నుంచి తిరుగుతున్నాం, ఒక్క కూరగాయల కొట్టు కనబడలేదు" అంది. కాసేపాగి, "ఈ ఏసీల చుట్టూ ఇనుప బోనులెందుకండీ?" అని అడిగింది. లోపలి రాగి కోసం ఎత్తుకుపోతారని రియల్టర్ మామూలుగా చెప్పేసింది. ఆ చుట్టుపట్ల ఫైర్‌స్టోన్ టైర్ల ఫ్యాక్టరీ, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వ్యవసాయ యంత్రాల ఫ్యాక్టరీ వేలమందికి జీతాలిచ్చేవి. రెండూ 1980లలో మూతపడ్డాయి. ఆ జీతాల మీద కట్టిన ఇళ్ళు ఇవి. జీతాలు పోయాయి, ఇటుకలు మిగిలాయి. ధర తక్కువ కావడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. అది నా కాగితంలో లేదు. నిజం చెప్పొద్దూ, విని కూడా కాగితాన్నే నమ్మాను. 45 రోజుల్లో పంతొమ్మిదే మిగిలాయి మరి.

దక్షిణాన వైట్‌హేవెన్ వేరేగా ఉంది. ఎల్విస్ ప్రెస్లీ ఇల్లు గ్రేస్‌లాండ్ ఉన్న పేట అది. 1970లో దాన్ని మెంఫిస్‌లో కలిపారు. ఆ దశాబ్దంలో తెల్లవాళ్ళు శివార్లకి తరలిపోతుంటే నల్లజాతి ఉపాధ్యాయులు, పోస్టలు ఉద్యోగులు, విమానాశ్రయం పనివాళ్ళు వచ్చి కొనుక్కున్నారు. గడ్డి కత్తిరించి ఉంది, వరండాల్లో కుర్చీలున్నాయి. ధర రెండు మూడు వేలు ఎక్కువ, కాగితం మీద శాతం ఒకటి తక్కువ.

అక్కడ మేం చూసిన రెండో ఇంట్లో ఓ పెద్దావిడ అద్దెకుంటోంది. బడిలో పిల్లలకి వంట చేసి రిటైరైంది. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉందట. మమ్మల్ని చూసి టీవీ ఆపి, పిల్లలకి చల్లటి టీ ఇచ్చి, నన్ను తేరిపార చూసి "ఎక్కడుంటావు నాయనా?" అంది. కాలిఫోర్నియా అన్నాను. "మరి ఆ వాటర్ హీటరు కారితే ఎవరొస్తారు?" అని అడిగింది. మేనేజిమెంట్ కంపెనీ ఉంటుందని చెప్పాను. "ఓహో" అంది. ఆ "ఓహో" నాకు బాగా తెలిసినదే. బ్రాడీపేటలో ఇంటివారు ముందు వాటాలోనే ఉండేవారు. కుళాయి ఎక్కువసేపు తిప్పితే గుమ్మంలోంచే కేకేసేవారు. వాళ్ళమీద మా అమ్మకెంత కోపమున్నా, వాన కురిసి పైకప్పు కారిన రాత్రి తలుపు తట్టడానికి ఒక తలుపంటూ ఉండేది.

మా ఆవిడ పెరట్లోకి వెళ్ళి "ఇటు రండి!" అని కేకేసింది. కంచె పొడుగునా బెండ మొక్కలు, నిలువెత్తున! పక్కనే పందిరి మీద బొబ్బర్లు. మనవాళ్ళు బెండకాయని మన సొత్తనుకుంటాం గానీ అమెరికా దక్షిణాదిలో బెండకాయ వేపుడు లేని భోజనశాల ఉండదు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళతోపాటే ఈ నేలకి వచ్చిన కూర అది. ఇద్దరాడవాళ్ళూ భాష సగం తెలిసీ తెలియకా, జిగురు రాకుండా ఎలా వేయించాలో చర్చించుకున్నారు. నిమ్మరసం అంది మా ఆవిడ, మొక్కజొన్న పిండి అందావిడ. వచ్చేటప్పుడు ఓ సంచీ నిండా కోసిచ్చింది. "అద్దె పెంచుతావా?" అని మాత్రం గుమ్మం దగ్గర నన్ను అడిగింది. పెంచనన్నాను. రెండేళ్ళు పెంచలేదు.

ఆగస్టు 22 లోపల ఎనిమిదీ రాసిచ్చేశాం. ఫ్రేజర్‌లో మూడు, రాలీలో రెండు, వైట్‌హేవెన్‌లో మూడు. మూడు ఆస్తులకి మించి రాసిస్తే, అన్నిటి ధర కలిపి అమ్మినదానికి రెండింతలు దాటకూడదని నియమం. దాటలేదు. రెండు వాటాల ఇల్లు ఒకటి చవగ్గా వచ్చిందిగానీ వదిలేశాం. టెనెసీలో ఒకే అద్దె కుటుంబం ఉన్న ఇంటికి ధరలో పాతిక శాతం మీద ఆస్తిపన్ను వేస్తే, రెండు అద్దె వాటాలుంటే నలభై శాతం మీద వేస్తారు. పైగా మెంఫిస్‌లో ఊరికొక బిల్లు, కౌంటీకొక బిల్లు. ఆ తర్వాతి వారంలోనే కత్రినా తుపాను న్యూ ఆర్లియన్స్‌ని ముంచేసింది. వేలమంది కార్లలో మెంఫిస్ చేరారు. రాలీలో ఖాళీగా ఉన్న ఇల్లు మా పేరు మీదికి వచ్చేలోపే అలాంటి కుటుంబం ఒకటి దిగింది. మొదటి నెల అద్దెలు ఆరువేలు దాటాయి. ఆ దీపావళి విందులో పెరుగన్నం దగ్గర నేనే ఎక్కువ మాట్లాడాను.

తర్వాత సంగతి త్వరగా చెబుతాను, ఎక్కువ చెప్పబుద్ధి కాదు. 2007 చివర్లో ఫ్రేజర్ నుంచి ఉత్తరాలు వచ్చాయి, గడ్డి పెరిగిందని నగరం వేసిన జరిమానాలు. కంపెనీ ఆ ఇంట్లో మనుషులున్నారని నాకు నెలనెలా కాగితం పంపుతూనే ఉంది. 2008 జనవరిలో విమానమెక్కి వెళ్ళాను. ఇనుప బోను అలాగే ఉంది, లోపల ఏసీ లేదు. వంటింటి గోడలు పగలగొట్టి రాగి పైపులు లాక్కుపోయారు. ఆ వీధిలో నేను లెక్కపెట్టినవి తొమ్మిదిళ్ళు, కిటికీలకి ప్లైవుడ్ చెక్కలు. సగం బ్యాంకులవి, మిగతావి నాలాంటి దూరపు యజమానులవి. పక్కింటాయన సొంతిల్లు. పాతికేళ్ళుగా అప్పు తీర్చుకున్నవాడు. నన్ను తిట్టలేదు. "ఇది నీదా?" అని అడిగి, తన ఇంటి ధర ఇప్పుడెంతో చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. నాకు పోయింది పెట్టుబడిలో ఓ ముక్క. ఆయనకి ఉన్నదే అది.

ఫ్రేజర్ ఇళ్ళు మూడూ 2012లో ఒక్కోటి 31 వేలకి అమ్మేశాం. కొన్నది 78కి. ఆ ఏడు పన్నులాయన "లాభం వచ్చింది, పన్ను కట్టాలి" అంటే కోపమొచ్చింది. వాయిదా అన్నానే, అదిదే. 1031లో ఫ్రీమాంట్ ఇంటి పాత ఖరీదే కొత్త ఇళ్ళకి అంటుకొస్తుంది. పన్నుశాఖ లెక్కలో ఒక్కో ఇల్లూ మేం కొన్నది సుమారు 21 వేలకి, తరుగుదల పోగా ఇంకా తక్కువకి. నలభై ఏడు వేల నష్టం, దాని మీద పన్ను. మనం కాలిఫోర్నియాలో ఉంటున్నాం కనక ఆ రాష్ట్రం వాటా కూడా కట్టాలి. ఇల్లు టెనెసీలో ఉందన్న వాదన వాళ్ళ దగ్గర చెల్లదు.

ఫ్రీమాంట్ సంగతి అడుగుతారు, ఎలాగూ అడుగుతారు. మేం అమ్మిన ఇంటి పక్కది 2009లో 4 లక్షల 60 వేలకి పోయింది. ఆ ఏడు నన్ను అందరూ తెలివైనవాడన్నారు. 2022లో అదే వీధిలో అదే నమూనా ఇల్లు 16 లక్షలకి అమ్ముడైంది. ఇప్పుడెవరూ ఆ మాట అనరు. బజారు వేడెక్కిందని నేను చూసింది నిజమే. వేడెక్కినవన్నీ చల్లారిపోతాయనుకోవడమే తప్పు. సిలికాన్ వ్యాలీ జీతాలు వచ్చి ఆ ఇళ్ళని మళ్ళీ ఎత్తుకున్నాయి. ఫ్రేజర్‌లో ఫ్యాక్టరీ మళ్ళీ తెరవలేదు. అద్దెని ధరతో భాగించినప్పుడు నేను జీతాల సంగతి వదిలేశాను.

నెల్లూరు కుర్రాడి సంగతి మాత్రం పార్టీల్లో చెప్పలేదెప్పుడూ. 2008 నవంబరులో పత్రికలన్నీ మౌంటెన్ హౌస్ పేరు రాశాయి. ఇంటి విలువ కంటే అప్పు ఎక్కువున్నవాళ్ళు దేశంలోకెల్లా ఎక్కువ ఉన్న ఊరని. ఫోన్ చేశాను. "ఇల్లు బ్యాంకుకి వదిలేస్తున్నామన్నయ్యగారూ, డాలస్ వెళ్తున్నాం" అన్నాడు. నేను అమ్మకపోతే నా ఇంట్లోనే ఉండేవాడా? ఏమో, అతను కొనుక్కునేవాడేమో. మా ఆవిడ మాత్రం "మనం కదిపాం" అంటుంది, అంతకంటే ఏమీ అనదు.

రాలీ ఇళ్ళు 2017లో పోయాయి. వాటిని కొన్నది ఊరు పేరు తెలియని ఓ పెద్ద పెట్టుబడి సంస్థ. 2010ల తర్వాత మెంఫిస్‌లో అలాంటివి వేల ఇళ్ళు కొన్నాయి. నాకంటే దూరపు యజమానులు. వైట్‌హేవెన్ మూడూ నిలిచాయి. 2008 తర్వాత ఏడాదికోసారి వెళ్ళి రావడం అలవాటు చేసుకున్నాం. కంపెనీని మార్చి, అదే పేటలో ఉండే ప్లంబరొకాయన్ని మాట్లాడుకున్నాం. ఒక రాత్రి తమ్ముడు విమానాశ్రయం దగ్గరికి తీసుకెళ్ళాడు. అర్ధరాత్రి ఫెడెక్స్ విమానాలు ఆకాశంలో దీపాల దండలా వరసగా దిగుతుంటాయి. 1973 ఏప్రిల్ 17 రాత్రి పద్నాలుగు విమానాలు, 186 పొట్లాలతో మొదలైన పని అది. దేశమంతటి సామాను అక్కడ వేరుచేసి తెల్లారేలోగా మళ్ళీ ఎగిరిపోతాయి. మా మూడిళ్ళలో రెండిళ్ళవాళ్ళు ఆ రాత్రి పనిలోనే ఉన్నారు. ఆ జీతాలే మాకు అద్దెలు. ఈ సంగతి 2005లో ఎవరైనా అర్ధరాత్రి అక్కడ నిలబెట్టి చూపించుంటే ఎనిమిదీ వైట్‌హేవెన్‌లోనే కొనేవాణ్ణి.

పెద్దావిడ 2021లో పోయింది. ఇరవై ఏడేళ్ళున్నదా ఇంట్లో. మనవడు ఆవిడతోనే ఉండేవాడు, విమానాల మెకానిక్కు. 2023లో మేం వెళ్ళినప్పుడు పెరట్లో బెండ మొక్కలు చూపించి, "ఈ ఇల్లు నాకమ్ముతారా?" అని అడిగాడు. ఇంటికొచ్చి పన్నులాయన్ని అడిగాను. అమ్మితే ముప్ఫై అయిదు వేల దాకా పన్ను, 1994 నాటి లాభం మొత్తం ఈ ఇంట్లోకి వచ్చి కూచుంది అన్నాడు. "అమ్మకండి. మీ తర్వాత పిల్లలకి వచ్చిందనుకోండి, అప్పటి ధరే వాళ్ళ ఖరీదు అవుతుంది, ఈ పన్ను ఎగిరిపోతుంది. అందరూ చేసేదదే" అని సలహా చెప్పాడు. మంచి సలహాయే. నేను పోవడం కోసం ఓ కుర్రాడు అద్దె కడుతూ కాచుకోవాలి, అంతే.

పిల్లల్ని పిలిచి కూచోబెట్టాం. వాళ్ళ ఆస్తి కదా. మావాడు లెక్క వేశాడు, మెల్లగా తల అడ్డంగా ఊపాడు. అమ్మాయి ఇప్పుడు ఓక్లండ్‌లో ఒక గదికి కట్టే అద్దె ఆ మూడిళ్ళ అద్దెతో దాదాపు సమానం. కొనే ఆశ లేదు దానికి. "ఆ ఇల్లు ఎవరిదని అప్పుడడిగాను, చెప్పలేదు నువ్వు" అంది. మా ఆవిడ వంటింట్లోంచి "ఇరవై ఏడేళ్ళ అద్దె కట్టారండీ వాళ్ళు" అంది. అందులో పదహారేళ్ళది ఆవిడ నాకు కట్టిందే.

2024 మేలో లక్షా నలభై వేలకి, బజారు ధర కంటే కొంచెం తక్కువకే అతనికి రాసిచ్చాం. పన్ను కట్టాను. మావాడు రెండు నెలలు ఆ మాట ఎత్తాడు, తర్వాత ఊరుకున్నాడు. మిగతా రెండిళ్ళూ ఇంకా మా పేరు మీదే ఉన్నాయి. వాటి సంగతి తేల్చుకోలేదు.

కాగితాలు చేతులు మారిన వారానికి, ఓ ఆదివారం పొద్దున, మెంఫిస్ నుంచి ఫోను. వాటర్ హీటరు కారుతోంది, వీధి నుంచి వచ్చే నీళ్ళు ఆపే వాల్వు ఎక్కడుందో చెప్పమని. పంతొమ్మిదేళ్ళు ఆ ఇంటికి యజమానిని, నాకు తెలియదు. ప్లంబరు నంబరు ఇచ్చి, ఇంటి ముందు గడ్డిలో ఇనప మూత కోసం చూడమన్నాను. అరగంటకి అతనే ఫొటో పంపాడు. మూత బెండ మొక్కల పక్కనుంది.